కప్లర్ కొయ్యకుండా పిన్ను తీయడం

(విజయవాడ ఆటోనగర్‌లో టూవీలర్ మెకానిక్‌ల ఆదివారం శిక్షణలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది. కప్లర్ అంటే బండి వైర్లని జతకలిపే ప్లాస్టిక్ సాకెట్. పిన్ను అంటే అందులో కూర్చునే, వైరు చివరి లోహపు ముక్క.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్లు కాస్త ముందుకు జరగండి. ఇవాళ చూపించేవన్నీ మిల్లీమీటర్ల లెక్కలో ఉండే వస్తువులు, అక్కణ్ణుంచి ఏమీ కనపడదు. ఆ కుర్రాళ్లని ముందు వరసలో కూర్చోపెట్టండి. వాళ్ల కళ్లు బాగుంటాయి. మనలో సగం మందికి చత్వారం వచ్చేసింది, ఒప్పుకుందాం.

మొదట ఒక ప్రశ్న అడుగుతాను. రెక్టిఫైర్ కప్లర్, అదే బ్యాటరీకి చార్జింగ్ ఇచ్చే పెట్టె కప్లర్, కాలిపోయిన బండి వచ్చింది. ఏం చేస్తారు? చెప్పండి, మొహమాటం వద్దు. ఆ... కోసేసి డైరెక్ట్ ఇచ్చేస్తారు. అంతే కదా? కప్లర్‌కి అటూ ఇటూ కట్టర్ వేస్తాం, వైర్లు ఒలుస్తాం, మెలితిప్పి టేపు చుట్టేస్తాం. బండి స్టార్ట్ అవుతుంది, చార్జింగ్ వస్తుంది, కస్టమర్ సంతోషంగా వెళ్లిపోతాడు. వానలు మొదలవగానే అదే బండి తోసుకుంటూ వస్తాడు. ఏమైంది? మెలికలోకి నీళ్లు దిగాయి, రాగి నల్లబడింది, జాయింట్ మళ్లీ వేడెక్కింది. పోయినసారి కప్లర్ కాలింది. ఈసారి కాలడానికి కప్లర్ లేదుగా, వైరే కాలుతుంది.

మరి ఎందుకు కోస్తున్నాం? టైం లేక అంటారు. టైం కాదండీ. ఆ పిన్ను బయటికి రాదని మన నమ్మకం. వైరు పట్టుకుని లాగుతాం, రాదు. నోస్ ప్లయర్‌తో లాగుతాం, రాదు. ఇంకా గట్టిగా లాగితే వైరు తెగి చేతికొస్తుంది, పిన్ను లోపలే ఉండిపోతుంది. అప్పుడు కట్టర్ తీస్తాం. ఇవాళ నేను చెప్పేది ఒకటే మాట. అది వస్తుంది. తీయడానికి దారి పెట్టే ఆ కప్లర్‌ని తయారు చేస్తారు. లాగితే రాదు, అంతే.

ఎందుకు రాదో చూద్దాం. ఇదిగో, ఈ తెల్ల కప్లర్. హెడ్‌లైట్ డూమ్ విప్పితే లోపల గుత్తులు గుత్తులుగా కనపడతాయే, అవే. దీన్ని హాక్సాతో నిలువుగా కోసి పెట్టాను, లోపల ఏముందో మీకు కనపడాలని. చేతులు మార్చుకుంటూ చూడండి. ఇత్తడి పిన్ను వెనక భాగంలో, ఆ రేకులోంచే చీల్చి పైకి లేపిన చిన్న నాలుక ఉంది చూశారా? గోరుతో తడిమితే తెలుస్తుంది. పిన్నుని వెనకనుంచి లోపలికి తోసినప్పుడు ఆ నాలుక అణిగి, తన చోటు రాగానే టక్కున లేచి, ప్లాస్టిక్ మెట్టుకి ఆనుకుంటుంది. గాలం ముల్లు లాంటిదే, లాగినకొద్దీ ఇంకా దిగబడుతుంది. మీరు ఎంత బలంగా లాగితే నాలుక అంత బలంగా మెట్టుకి అదుముకుంటుంది. అంటే మన బలం మనకే ఎదురు తిరుగుతోంది.

కాబట్టి మొదటి పని ఏమిటి? లాగడం కాదు, తొయ్యడం. అవును, లోపలికే. వైరుని కప్లర్‌కి దగ్గరగా పట్టుకుని, పిన్నుని ముందుకి, కప్లర్ మూతి వైపుకి, అంటే జత కప్లర్ కలిసే వైపుకి, మెల్లగా తొయ్యండి. ఒక్క వెంట్రుకవాసి కదిలితే చాలు. అప్పుడు నాలుక మెట్టుని వదిలేసి ఖాళీగా నిలబడుతుంది. ఇప్పుడు మూతి వైపునుంచి పలచని పనిముట్టు ఒకటి పెట్టి, ఆ నాలుకని పిన్ను ఒంటికి అణిచి పట్టుకుని, వెనకనుంచి వైరు లాగండి. రెండు వేళ్లతో లాగితే వచ్చేస్తుంది. రాలేదా? ఇంకా గట్టిగా లాగకండి. నాలుక అణగలేదని అర్థం. మళ్లీ లోపలికి తొయ్యండి, మళ్లీ అణచండి. ఈ ముక్క మూడుసార్లు చెబుతాను, విసుగనిపించినా వినండి. ముందు తొయ్యాలి. తర్వాత అణచాలి. ఆ తర్వాతే లాగాలి. చాలామంది నాలుక అణిచే పని సరిగ్గానే చేస్తారు. కానీ ఇంకో చేత్తో వైరుని లాగి పట్టుకునే అణుస్తారు. బిగువులో ఉన్న నాలుక ఎలా అణుగుతుంది చెప్పండి?

నాలుక ఏ వైపు ఉందో ఎలా తెలుస్తుంది? మంచి ప్రశ్న. ఫోన్ టార్చ్ వేసి మూతి వైపునుంచి చూడండి. పిన్ను మూతికి పైనో కిందో ఒక చిన్న నలుచదరపు గాడి ఉంటుంది. ఆ గాడి ఊరికే పెట్టలేదు, పనిముట్టు దూర్చడానికే. ఒకే కప్లర్‌లో రెండు వరసలు ఉంటే పై వరస గాడి ఒకవైపు, కింది వరస గాడి ఇంకోవైపు ఉండొచ్చు. ఒక పిన్ను తీశాం కదా అని రెండోదానికి కళ్లు మూసుకుని దూర్చకండి. కొన్ని పిన్నులకి రెండు పక్కలా నాలుకలుంటాయి. వాటికి రెండూ ఒకేసారి అణగాలి. ఒకటి అణిచి, ఇంకోటి అణిచేలోపు మొదటిది లేచిపోతుంది.

ఇంతవరకూ చెప్పింది పాత రకం. నాలుక ఇత్తడి పిన్నుకే ఉండే రకం. ఇప్పుడు రెండో రకం. ఈ నల్ల కప్లర్ చూడండి. దీనికి లోపల రబ్బరు సీళ్లున్నాయి, నీళ్లు పోవు. కొత్త బళ్లలో బయట తడిసే చోట్ల ఇవే. దీని పిన్ను చూడండి, నున్నగా ఉంది. నాలుక ఎక్కడుంది? పిన్నుకి లేదు, ప్లాస్టిక్‌కి ఉంది. పిన్నులో ఉన్న చిన్న కంతలోకో, మెడ వెనక్కో ప్లాస్టిక్ నాలుక దిగి పట్టుకుంటుంది. ఇక్కడే తేడా. పాత రకంలో నాలుకని పిన్ను వైపుకి అణుస్తాం. ఈ రకంలో నాలుకని పిన్నునుంచి దూరంగా, పైకి లేపాలి. తెలియక పాత అలవాటుకొద్దీ అణిచామనుకోండి, ఆ నాలుక ఇంకా గట్టిగా పట్టుకుంటుంది. ఇంకా అణిస్తే పుటుక్కుమంటుంది. ఆ చప్పుడు విన్నారంటే కప్లర్ పనైపోయినట్టే. ఇత్తడి నాలుక వంగితే మళ్లీ లేపుకోవచ్చు. ప్లాస్టిక్ నాలుక విరిగితే అతకదు.

అందుకే లేపేటప్పుడు అర మిల్లీమీటరుకి మించి లేపొద్దు. ఇంజను పక్కన ఏళ్ల తరబడి వేడికి ఉన్న ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది. అలాంటిది దొరికితే హెయిర్ డ్రయ్యర్‌తో కాసేపు గోరువెచ్చగా చేసి, అప్పుడు ముట్టుకోండి. హీట్ గన్ కాదు సుమా, లైటర్ అసలే కాదు.

ఈ సీల్ కప్లర్లకి ఇంకొకటి ఉంటుంది, చాలామందిని తిప్పలు పెట్టేది అదే. రెండో తాళం. టీపీఏ అంటారు, టెర్మినల్ పొజిషన్ అష్యూరెన్స్, అంటే పిన్ను తన చోట కూర్చుందని ఖాయం చేసేది. సాధారణంగా కప్లర్ రంగు కాకుండా వేరే రంగులో ఉంటుంది. తెలుపో, ఎరుపో, పసుపో. మూతిలోనో, పక్కనో చిన్న మూతలా కూర్చుని ఉంటుంది. దాని పనేమిటంటే, నాలుక కదలడానికి అవసరమైన ఖాళీని మూసేస్తుంది. అది లోపల ఉన్నంతసేపు మీరు నాలుకని ఎంత లేపినా లేవదు, దానికి చోటే లేదు కదా. కనుక ముందు అది జరపాలి. పూర్తిగా ఊడపీకకండి. చాలావాటికి సగం బయటికొచ్చి టిక్ మని ఆగే స్థానం ఉంటుంది. అక్కడ ఆపండి. హార్లీ బళ్లలో డాయిచ్ అనే కంపెనీ కప్లర్లు కనపడతాయి. వాటి మూతిలో చీలలాంటి ముక్క ఉంటుంది, సాధారణంగా నారింజ రంగు. దాన్ని కొక్కెంతో నేరుగా బయటికి లాగేసి, తర్వాత నాలుకని పక్కకి నెట్టాలి. మన ఊళ్లో ఎన్ని వస్తాయిలెండి, వచ్చినప్పుడు గుర్తుంటే చాలు.

ఇక పనిముట్లు. మార్కెట్లో పిన్ రిమూవర్ సెట్లు దొరుకుతాయి, కొనుక్కోండి, కాదనను. కానీ చవక సెట్లలో సగం పనిముట్లు మెత్తవి, రెండోసారికే వంగిపోతాయి. నాకు నచ్చిన సరుకు ఏమిటో చెప్పనా? పాత కారు వైపర్. దాని రబ్బరు పక్కన రెండు సన్నటి స్టీలు పట్టీలుంటాయి. వైపర్ పారేసేముందు వాటిని లాగి దాచుకోండి. స్ప్రింగులా ఉంటుంది, వంగినా మళ్లీ నిటారవుతుంది. గ్రైండర్ మీద కొసని సుమారు 1.5 మిల్లీమీటర్ల వెడల్పు, అర మిల్లీమీటరు మందం వచ్చేలా అరగదీయండి. నీళ్లలో ముంచుకుంటూ అరగదీయాలి. ఎర్రబడిందా, స్ప్రింగు చచ్చిపోతుంది, తర్వాత అది ఉత్త రేకు. అది లేకపోతే గొడుగు ఊచ. అదీ లేకపోతే హాక్సా బ్లేడు ముక్క.

సూదులూ పిన్నీసులూ వాడేవాళ్లు ఎవరు? చేతులెత్తండి. చాలామందే ఉన్నారు. పనవుతుంది, కాదనను, చిన్న పిన్నులకి ఒక్కోసారి అదే దిక్కు. కానీ సూది మొన నాలుక మీద నిలవదు, జారుతుంది. జారి పక్కనున్న ప్లాస్టిక్‌ని గీకుతుంది, లేదా మీ వేల్లో దిగుతుంది. బల్లపరుపు కొస ఉన్నది నాలుక మీద నిలుస్తుంది. గుండ్రటి పిన్నులైతే కథ వేరు. వాటి చుట్టూ ముళ్లుంటాయి, చుట్టూ ఒకేసారి అణగాలి. వాటికి గొట్టం కావాలి. పాత రేడియో ఏరియల్‌లో సన్న గొట్టాలుంటాయి చూడండి, సైజు కుదిరినది కోసుకోండి.

అన్నిటికంటే ముందు చెయ్యాల్సింది చెప్పడం మరిచాను. బ్యాటరీ. నెగటివ్ వైరు ముందు విప్పండి. పాజిటివ్ ముందు విప్పితే పానా ఛాసిస్‌కి తగిలి నిప్పురవ్వలొస్తాయి. ఇది మీకు తెలుసు. తెలిసినా హడావుడిలో చెయ్యం. ఆ తర్వాత కప్లర్‌కి పట్టిన మట్టి. వాటర్ సర్వీసింగ్‌లో కొట్టిన మట్టి ఆ గాడిలోకి దూరి ఎండి రాయిలా ఉంటుంది. బ్రష్‌తో తుడిచి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, ఆరాక పని మొదలుపెట్టండి. ఇసుక రేణువు ఒక్కటి నాలుక కింద ఉన్నా అది అణగదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పిన్ను ఎలా తీయాలో చెప్పాను. అసలు అది కాలేంతవరకు ఎందుకొచ్చింది? రెక్టిఫైర్ కప్లరే ఎందుకు కాలుతుంది? ఇండికేటర్ కప్లర్ ఎందుకు కాలదు?

లెక్క వేద్దాం, భయపడకండి, చిన్న లెక్కే. రెక్టిఫైర్ లైన్‌లో 15 ఆంప్స్ పోతోందనుకుందాం. పిన్నులు రెండూ గట్టిగా పట్టుకున్నంతకాలం మధ్యలో కరెంటుకి అడ్డు, అంటే రెసిస్టెన్స్, దాదాపు ఏమీ ఉండదు. చిలుము పట్టి, పట్టు వదులై, అడ్డు 0.1 ఓమ్ అయ్యిందనుకోండి. మీటరు మీద అది మీకు కనపడనే కనపడదు, రెండు వైర్లు తాకించి చూసినా అంత చూపిస్తుంది. వేడి ఎంతో తెలియాలంటే ఆంప్స్‌ని ఆంప్స్‌తో, దాన్ని ఓమ్‌లతో గుణించాలి. ఇప్పుడు 15ని 15తో గుణించండి, 225. దాన్ని 0.1తో గుణించండి. ఇరవై రెండున్నర వాట్లు. ఇండికేటర్ బల్బు ఎన్ని వాట్లు? 10. అంటే రెండు ఇండికేటర్ బల్బుల వేడి, అదీ ఆగకుండా, గోరంత పిన్ను దగ్గర పుడుతోంది. అదే ఇండికేటర్ లైన్‌లో అయితే ఒక్కో బల్బుకి ఒక ఆంప్ కూడా పోదు. అక్కడ అదే చిలుము పడితే బల్బు కొంచెం డిమ్ అవుతుంది, అంతే. కప్లర్లు చాలావరకు నైలాన్. నైలాన్ 66 రకం సుమారు 260 డిగ్రీలకి కరుగుతుంది. కరిగేలోపే మెత్తబడి, పసుపెక్కి, గోధుమరంగుకి తిరుగుతుంది. తెల్ల కప్లర్‌లో పిన్ను కూర్చునే ఒక్క గది చుట్టూ గోధుమరంగు మచ్చ కనిపిస్తే అదింకా కాలలేదని వదిలెయ్యకండి. ఆ ఒక్క పిన్నుని ఆ రోజే మార్చండి. మొత్తం కప్లర్ దక్కుతుంది.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం నుంచి వచ్చినవాళ్లున్నారు కదా. మీకు చిలుము గురించి నేను చెప్పక్కర్లేదు. ఉప్పుగాలికి ఇత్తడి ఆకుపచ్చగా పొడి కడుతుంది. మీ దగ్గర కప్లర్ విప్పిన ప్రతిసారీ పిన్ను మూతి చూడటం అలవాటు చేసుకోండి.

పట్టు వదులవడానికి ఇంకో కారణం ఉంది. అది ఉప్పుగాలి వల్ల కాదు, మన వల్ల. మీటరు ప్రోబు, అదే మీటరు వైరు చివరి లోహపు మొన. వోల్టేజీ చూడ్డానికి ప్రోబు కొసని ఎక్కడ పెడతాం? ఫిమేల్ పిన్ను, అంటే మేల్ పిన్ను వచ్చి దూరే బోలు పిన్ను, దాని మూతిలో. ప్రోబు లావుగా ఉంటుంది, పిన్ను మూతి తెరుచుకుంటుంది, మళ్లీ దగ్గరికి రాదు. ఆ రోజు కంప్లయింట్ దొరుకుతుంది, మనకి సంతోషం. ఆర్నెల్లకి ఆ పిన్నే కాలుతుంది. ప్రోబు వెనకనుంచి, వైరు పక్కనుంచి పెట్టాలి. సన్న గుండుసూది వైరు వెంట దూర్చి దానికి ప్రోబు తాకించండి. సీల్ ఉన్నవాటిలో సీలు చిరగకుండా, రాసుకుంటూ పోవాలి. వైరు పైపొరకి పొడవకండి, ఆ కంతలోంచి నీళ్లు దిగుతాయి.

పట్టు ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి? అదే సైజు మేల్ పిన్ను ఒకటి విడిగా జేబులో ఉంచుకోండి. ఫిమేల్‌లోకి దూర్చి లాగండి. పట్టి పట్టి రావాలి. జారిపోతూ వస్తే దాన్ని బయటికి తీసి మార్చండి. నోస్ ప్లయర్‌తో నొక్కి బిగించొచ్చు కదా అంటారు. పెద్ద పిన్నుని ఒకసారి నొక్కొచ్చు. కాలి రంగు మారినదాన్ని మాత్రం నొక్కొద్దు, దాని స్ప్రింగు పోయింది, రేపు మళ్లీ వదులవుతుంది.

ఈసీయూ, అంటే ఇంజనుని నడిపే కంప్యూటర్ పెట్టె, దాని కప్లర్ల గురించి అడిగారు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కార్బురేటర్లు దాదాపు పోయాయి, ఇంజెక్షన్ వచ్చింది. 125 సీసీ దాటిన కొత్త బళ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచే ఏబీఎస్, అంటే బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసే ఏర్పాటు, ఉంది. అంటే సెన్సార్లు, సన్న వైర్లు, సన్న పిన్నులు. కొన్ని ఈసీయూలకి 33 పిన్నుల కప్లర్. పిన్ను మందం మిల్లీమీటరు కూడా ఉండదు. తీసే పద్ధతి మాత్రం అదే. రెండో తాళం జరపడం, లోపలికి తొయ్యడం, నాలుక లేపడం, లాగడం. చెయ్యి మాత్రం ఇంకా తేలికగా ఉండాలి.

ఇక్కడ అసలు ప్రమాదం తీయడంలో లేదు, తిరిగి పెట్టడంలో ఉంది. పక్క గదిలో పెట్టామనుకోండి. థ్రాటిల్ సెన్సార్‌కి ఈసీయూ ఇచ్చేది 5 వోల్టులు. ఆ లైన్‌కి 12 వోల్టులు తగిలితే? ఈసీయూ ధర మీకు తెలుసు, నేను చెప్పను. సర్క్యూట్ బొమ్మలో గదుల నంబర్లు మూతి వైపునుంచి వేశారా, వైరు వైపునుంచి వేశారా చూడండి. ఒకదానికొకటి అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంటాయి. అందుకని తీసేముందు రెండువైపులా ఫోటో తీయండి. ఒక్క పిన్నే తీస్తున్నా తీయండి. రంగు గుర్తుంటుందిలే అనుకోవద్దు. హోండాలో ఆకుపచ్చ వైరు ఎర్త్, అంటే బ్యాటరీ నెగటివ్ వైపు. యమహాలో నలుపు ఎర్త్. హోండాలో అదే నలుపు చాలా బళ్లలో కీ ఆన్ చేస్తే వచ్చే 12 వోల్టులు. పొద్దున యమహా, మధ్యాహ్నం హోండా చూసే మనకి ఇది ఎంత తేలిగ్గా తారుమారవుతుందో ఆలోచించండి.

కొత్త పిన్ను వేసేటప్పుడు సీలుంటే ముందు సీలు వైరుకి ఎక్కించండి, తర్వాత క్రింపు, అంటే పిన్ను రెక్కల్ని వైరు మీద నొక్కి బిగించడం. పిన్ను వెనక రెండు జతల రెక్కలుంటాయి. ముందు జత రాగి తీగల మీద, వెనక జత వైరు పైపొర మీద. రెండూ వేరువేరుగా నొక్కాలి. రాగి మీద సోల్డరింగ్ పొయ్యాలా అంటే, నేను పొయ్యను. సోల్డర్ తీగల్లోకి పాకి ఆ చోట వైరు పుల్లలా గట్టిపడుతుంది. బండి అదురుతుంటే సరిగ్గా ఆ గట్టి చోటు అంచున తెగుతుంది. దీని మీద మీలో కొందరికి వేరే అభిప్రాయం ఉంది, తలలు ఊపుతున్నారు, టీ దగ్గర మాట్లాడుకుందాం.

పాత పిన్నే తిరిగి పెడుతుంటే, ఇత్తడి నాలుక అణిగి ఉంటుంది కదా, బ్లేడు కొసతో కొంచెం పైకి లేపండి. కొంచెమే. వెనకనుంచి తోస్తే టక్ మనాలి. టక్ మన్నాక వైరుని వెనక్కి ఒక చిన్న లాగు లాగి చూడండి. ఇక్కడ మాత్రం లాగడం తప్పు కాదు. తర్వాత రెండో తాళం నొక్కండి. అది మూసుకోలేదంటే బలం పెట్టకండి. ఏదో ఒక పిన్ను పూర్తిగా లోపలికి వెళ్లలేదని అది మీకు చెబుతోంది. దానికోసమే దాన్ని పెట్టారు. గుద్ది మూసేస్తే ఆ పిన్ను గతుకులో వెనక్కి జారుతుంది, బండి వారానికోసారి ఆగుతుంది, కంప్లయింట్ ఎవరికీ దొరకదు.

గ్రీజు ఏది పెట్టాలని ఇందాక ఎవరో అడిగారు. సిలికాన్ గ్రీజు, డైఎలక్ట్రిక్ గ్రీజు అని అమ్ముతారు. సీళ్ల మీద పలచగా, చాలు. బేరింగ్ గ్రీజు కప్లర్‌లో కూరొద్దు, దుమ్ముని పట్టి ఉంచుతుంది.

సరే, మాటలు చాలు. ప్రతి బల్ల మీద ఒక ట్రే ఉంది. అందులో పాత వైరింగ్‌లోంచి కోసిన కప్లర్లున్నాయి. విరిగినా నష్టం లేదు, వాటిని విరగ్గొట్టడానికే తెచ్చాను. ముందు తెల్లవాటితో మొదలుపెట్టండి, నాలుక ఇత్తడిది. అవి వచ్చాక నల్లవి. నల్లవాటిలో రంగు ముక్క ఎక్కడుందో వెతికి, జరిపాకే లోపల పనిముట్టు పెట్టండి. పిన్ను రాకపోతే నన్ను పిలవండి, ప్లయర్ మాత్రం తీయొద్దు. ప్లయర్లన్నీ ఇదిగో ఈ డబ్బాలో వేసెయ్యండి, వెళ్లేటప్పుడు ఇస్తాను.